మంచం లేపిన గంగ

2005 వేసవి. అమ్మా, పెద్దమ్మా, నేనూ బాల్కనీలో కూర్చుని 'చంద్రముఖి' చూస్తున్నాం. గంగ ముస్తాబై బయటికి బయల్దేరింది. భర్త వద్దన్నాడు. మామూలు పడగ్గది, మామూలు మొగుడూ పెళ్ళాల మాట. అంతలో గంగగా చేసిన జ్యోతిక గొంతు మారింది, కళ్ళు పెద్దవయ్యాయి, ఒంటిచేత్తో మంచం పైకి లేపేసింది. అమ్మ నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇంటికొచ్చేదాకా ఆవిడ గాజు అచ్చు నా చేతిమీదే ఉంది.

రాత్రి అన్నాలు తింటుంటే అమ్మ అంది: "మంచం లేపినప్పుడు కాదురా. మొగుడు గట్టిగా పిలవగానే ఏమీ ఎరగనట్టు మామూలు పిల్లయిపోయింది చూడూ, అప్పుడేసింది నాకు భయం."

కథలు రాసుకునే నాకు ఇంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేదు.

ఈ కథకి మూలం 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు'. శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. దాన్ని 2004లో పి.వాసు కన్నడంలో 'ఆప్తమిత్ర'గా తీశారు. అందులో తనే నాగవల్లి అనే నర్తకినని భ్రమపడే గంగ మన సౌందర్య. ఏప్రిల్‌లో ఆమె పోయింది, ఆగస్టులో సినిమా వచ్చింది. మరుసటి ఏడు ఆయనే తమిళంలో 'చంద్రముఖి' తీశారు. మలయాళంలో ఆ నర్తకిది తమిళం. తమిళానికి వచ్చేసరికి ఆమె నోట తెలుగు పెట్టారు. మనకి డబ్ చేసినప్పుడు మళ్ళీ తమిళం చేశారు. మన ఇంటి పిల్ల నోట మనది కాని భాష వినపడాలి. ఆ కిటుకు తెలిసిన చేతులవి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ కథలో దెయ్యం లేదు. ఉన్నది గంగ మనసుకి పట్టిన జబ్బు.

2010 డిసెంబరులో దానికి కొనసాగింపుగా 'నాగవల్లి' వచ్చింది. అదే వాసు, వెంకటేశ్, అనుష్క. అమ్మని మళ్ళీ తీసుకెళ్ళాను. ఓ చిత్రపటం ఇంట్లోకి వస్తుంది, పెద్ద పాము తిరుగుతుంది, నూరేళ్ళు దాటిన రాజు ఇంకా బతికే ఉంటాడు. అనుష్క నిండుగా ఉంది, వెంకటేశ్ కష్టపడ్డాడు, ఆ మాట చెప్పాలి. కానీ అమ్మ చేయి ఆమె ఒళ్ళోనే ఉండిపోయింది. పాము వచ్చినప్పుడల్లా ముందు వరసలో పిల్లలు ఈలలు వేశారు. జనం ఆ సినిమాని ఆదరించలేదు. నాకు బాధేసింది, ఎందుకంటే ఆ కథ నాది అనుకుని వెళ్ళాను.

'నాగవల్లి'కి మాతృక కన్నడ 'ఆప్తరక్షక' అదే ఏడాది ఘనవిజయం సాధించింది. మరి అక్కడెలా ఆడిందంటారా? 2009 డిసెంబరు 30న ఆ సినిమా హీరో విష్ణువర్ధన్ కన్నుమూశారు. ఫిబ్రవరిలో ఆ బొమ్మ విడుదలైంది. జనం తమ కథానాయకుణ్ణి కడసారి చూసుకోవడానికి కదిలారు. ఆ కన్నీరు తెలుగులోకి రీమేక్ కాదు.

2023లో 'చంద్రముఖి 2' వచ్చింది. లారెన్స్, కంగన, కీరవాణి సంగీతం. ఈసారి ఆత్మలు నిజంగానే వచ్చాయి, ఒకటి కాదు రెండు. అదీ నిలవలేదు. హిందీలో ఇదే కోవలో వచ్చిన 'భూల్ భులయ్యా 2' నిజం దెయ్యంతోనే బాగా ఆడింది కదా అని మిత్రుడొకడు నిలదీశాడు. ఆడింది. నవ్వుకోవడానికి వెళ్ళారు, నవ్వుకున్నారు. ఆ సినిమా భయపెడతానని మాటివ్వలేదు.

రెండో భాగం రాసేవాడికి సందేహాన్ని తీర్చెయ్యాలనిపిస్తుంది. మొదటి భాగంలో మూసి ఉంచిన గది తలుపు బార్లా తీసి, లోపల ఏముందో లైట్లేసి చూపిస్తాడు. నేనూ ఓ కథకి కొనసాగింపు రాయబోయి అదే చేశాను. అమ్మకి చదివి వినిపిస్తే సగంలో లేచి పాలు పొంగుతున్నాయని వెళ్ళింది.

దెయ్యం కథకి రెండో భాగం రాస్తున్న కుర్రాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే అడుగుతాను. గ్రాఫిక్స్ వాళ్ళకి ఫోన్ చేసే ముందు, ఆ మంచం సన్నివేశాన్ని మీ అమ్మ పక్కన కూర్చుని ఇంకోసారి చూడండి.