దీపం తగ్గిస్తే దయ్యం వస్తుంది

అక్టోబరు వచ్చిందంటే మా న్యూజెర్సీ వీధుల్లో ఇళ్ల ముందు అస్థిపంజరాలు మొలుస్తాయి. 2020లో హోమ్ డిపో 12 అడుగుల అస్థిపంజరాన్ని 299 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పటి నుంచి ఎవరి బొమ్మ ఎత్తుగా ఉంటే వాళ్లదే హాలోవీన్ అన్నట్టుగా ఉంది. పిల్లలకు అదో సరదా, కాదనను. కానీ ఉన్న ఇంటిని దయ్యాల కొంపగా మార్చే విద్య వేరు. వీధి మొదట్లోనే కనబడిపోయిన బొమ్మ గుమ్మం చేరేసరికి పాతబడిపోతుంది. సగం కనబడి సగం కనబడని దాన్ని చూస్తేనే గుండె జారుతుంది. ఆ సగాన్ని దాచిపెట్టేది దీపాలే కనుక ఈ వారం వెలుతురు సంగతే రాస్తాను.

1862 డిసెంబరు 24న లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో డికెన్స్ కథ 'ది హాంటెడ్ మ్యాన్' ఆధారంగా ఒక ప్రదర్శన వేశారు. రంగం మీద నటుడి పక్కనే దయ్యం లేచింది. దాని ఒంట్లోంచి వెనకున్న సామానంతా కనబడుతూనే ఉంది. ఆ ఏర్పాటు మొదట తట్టింది హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరుకు. ఆయన చెప్పినట్టు చేయాలంటే నాటకశాలనే మార్చి కట్టాలి. జాన్ హెన్రీ పెప్పర్ దాన్ని మామూలు రంగస్థలానికి సరిపోయేలా దిద్దాడు. పేరు కూడా ఆయనకే దక్కింది: పెప్పర్స్ ఘోస్ట్. రంగం ముందు ఏటవాలుగా పెద్ద గాజు పలక, ప్రేక్షకులకు కనబడకుండా కింద ఒక నటుడు, అతని మీద బలమైన దీపం, అంతే. రాత్రి ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే అద్దంలో మన మొహమూ బయటి చెట్లూ ఒకదాని మీద ఒకటి కనబడతాయే, అదే సూత్రం.

ఇంట్లో దీనికి వీధివైపు కిటికీ ఉన్న గది చాలు. కిటికీ లోపల 45 డిగ్రీల కోణంలో అక్రిలిక్ షీటు నిలబెట్టాలి. బయటివాళ్లకు కనబడని పక్కమూలలో, నల్లగుడ్డ కట్టి, దాని ముందు తెల్లగౌను తొడిగిన బొమ్మను కూర్చోబెట్టాలి. షీటు వెనక ఖాళీ కుర్చీ, మసక దీపం. ఇప్పుడు బొమ్మ మీది దీపాన్ని డిమ్మర్‌తో మెల్లగా పెంచితే కుర్చీలోకి ఎవరో వచ్చి కూర్చుంటారు. తగ్గిస్తే మాయమవుతారు. బొమ్మ షీటుకు ఎంత దూరంలో ఉంటే దయ్యం షీటు వెనక సరిగ్గా అంతే దూరంలో కనబడుతుంది కాబట్టి, కుర్చీని టేపుతో కొలిచి వేయాలి. కొలత తప్పితే దయ్యం కుర్చీలో ఒదగదు. షీటు పలచనైతే కాస్త వంగి ప్రతిబింబం సాగుతుంది. నాకైతే ఆ సాగడమే ఇష్టం.

డిస్నీలాండ్‌లో 1969 ఆగస్టులో తెరిచిన హాంటెడ్ మ్యాన్షన్‌లో, విందుగదిలో తిరిగే దయ్యాల జంటలు ఈ కిటుకుతోనే నాట్యం చేస్తాయి. ప్రతిబింబంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక అక్కడ ఆడవాళ్లు మగవాళ్లను నడిపిస్తున్నట్టు కనబడుతుంది. మీ బొమ్మ చేతిలో ఉత్తరం పెట్టాలనుకుంటే అక్షరాలు తిరగేసి రాయండి.

సమాధిరాళ్ల పని నాకు అన్నిటికంటే ఇష్టం. థర్మోకోల్ కంటే గట్టిగా ఉండే గులాబీరంగు ఇన్సులేషన్ బోర్డు, రెండంగుళాల మందం ఉన్నది తెచ్చుకోవాలి. రంపంతో కోసి, మూలలు చేత్తోనే విరవాలి. విరిగిన అంచు కోసిన అంచు కంటే రాయిలా ఉంటుంది. అక్షరాలు సోల్డరింగ్ ఐరన్‌తో చెక్కుతాను. ఆ పొగ పీల్చకూడదు కాబట్టి ఆరుబయటే ఈ పని. నీళ్లతో కలిపే బూడిదరంగు పెయింటును స్పాంజితో అద్దాలి. స్ప్రే పెయింట్ నేరుగా కొడితే అందులోని ద్రావకం బోర్డును తినేస్తుంది. ఆరాక, బాగా పలచన చేసిన నల్లరంగును పై అంచు మీద పోసి దాని దారిన దాన్ని జారనివ్వాలి. రాయి మీద వాన చారలు నిలువుగా దిగుతాయి, నాచు మొదట్లో పడుతుంది. ఈ రెండూ సరిగ్గా కుదిరితే ఫోమ్‌కు వందేళ్ల వయసు వస్తుంది. దీపం మాత్రం ఎదురుగా పెట్టకూడదు. నేలకు దగ్గరగా పక్కనుంచి పడనిస్తేనే అక్షరాల గుంటల్లో నీడ నిలుస్తుంది.

పై అంతస్తు కిటికీలకు మన తోలుబొమ్మలాటే గురువు. నిమ్మలకుంట కళాకారులు బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తారు, అందుకే చెక్కిన ప్రతి చిల్లూ తేటగా కనబడుతుంది. తెరకు దూరం జరిపారంటే నీడ పెద్దదై అంచులు కరిగిపోతాయి. దయ్యానికి ఆ కరిగిన అంచులే కావాలి. తెల్లదుప్పటి, అట్టతో కోసిన చెయ్యి, వెనక ఒకే ఒక చిన్న బల్బు. చెయ్యిని బల్బు వైపు జరిపేకొద్దీ వేళ్లు కిటికీ నిండా పాకుతాయి.

పొగ యంత్రం కొన్నవాళ్లకు ఒక మాట: దాంట్లోంచి వేడిపొగ వస్తుంది, వేడిది పైకి పోతుంది. మంచుముక్కలు నింపిన డబ్బాలోంచి పంపితేనే సమాధుల మధ్య నేల మీద పరుచుకుంటుంది.

చీకటితో ఆడేవాళ్లు మంట సంగతి మరిచిపోకూడదు. 1984 మే 11న మా రాష్ట్రంలోనే, జాక్సన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో, హాంటెడ్ కాజిల్ తగలబడి 8 మంది టీనేజీ పిల్లలు చనిపోయారు. చీకట్లో దారి కోసం వెలిగించిన లైటర్ గోడకున్న ఫోమ్ మెత్తకు అంటుకుందని చెప్పారు. నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు అక్కడ లేవు. మనం చేసే సమాధిరాళ్లూ ఫోమే, వేలాడదీసే గుడ్డలూ మండేవే. గుమ్మడికాయలో కొవ్వొత్తి బదులు ఎల్‌ఈడీ దీపం పెట్టండి. వచ్చిన దారి కాక బయటికి ఇంకో దారి ఉంచండి. అన్ని లైట్లూ ఒక్కసారే వెలిగే స్విచ్చు మీ చేతికి అందేలా ఉండాలి.

మెట్లను మాత్రం చీకట్లో వదలను. మా వీధిలో మనవళ్ల చెయ్యి పట్టుకుని, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా బయల్దేరతారు. అంచు తెలిసేలా మెట్టు మెట్టుకూ సన్నని లైట్ల తీగ వేస్తాను, దానివల్ల భయమేమీ తగ్గదు. పొద్దు వాలేవేళ వచ్చే చిన్నపిల్లలకు కిటికీలో దయ్యం ఉండదు, అది ఎనిమిది దాటాక పెద్దపిల్లల కోసం. అప్పుడు కూడా ఎవరైనా చిన్నది గేటు దగ్గర బిక్కుబిక్కుమంటూ ఆగిపోతే, చాక్లెట్ల బుట్ట పట్టుకుని నేనే గేటు దాకా వెళ్తాను.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు బొమ్మలు కొనకముందు, ఈ వారం ఒక రాత్రి ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, రోడ్డు అవతల నిలబడి మీ ఇంటిని చూడండి. వీధిదీపం ఎంతమేర పడుతోందో, ఏ మూల సహజంగానే చీకటిగా ఉందో కాగితం మీద గీసుకోండి. దయ్యం ఏ కిటికీలో ఉండాలో అప్పుడు తేలుతుంది. ఎదురింటి గ్యారేజీ లైటు ఆ కిటికీ అద్దం మీద పడుతుంటే లోపల మీరేం చేసినా కనబడదు. 31వ తేదీ రాత్రికి దాన్ని ఆర్పిపెట్టమని వాళ్లను ఇప్పుడే అడగండి. మా ఎదురింటివాళ్లతో నేను చెప్పేశాను, సరేనన్నారు.