ఇల్లాలి పేరేమిటి?

గొర్రెల్ని కాసేవాడు కాపరి, తోటను చూసేవాడు తోటమాలి, ఏనుగును సాకేవాడు మావటి. పని దిగి ఇంటికెళితే ఎవరి పేరు వాళ్ళకుంటుంది. మరి ఇల్లాలికో? ఆ పని దిగేదెప్పుడండీ?

పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు అలికీ తుడిచీ తన పేరే మరిచిపోతుంది. పిల్లలకు అమ్మ, పనిమనిషికి అమ్మగారు. భర్త కొట్టడు, తిట్టడు. కథకు బలమంతా అక్కడే ఉంది. మర్యాదగా, ఆప్యాయంగా పిలిచే పిలుపులే పేరును మింగేశాయి. పాత స్నేహితురాలు ‘శారదా’ అనగానే చిక్కంతా కాస్త సులువుగా విడిపోయిందేమో అనిపించింది. ఆ ఒక్కటే లోటు.

పుస్తకం మూశాక గుర్తొచ్చింది. పక్కింటి పిన్నిగారితో ఇరవయ్యేళ్ళ స్నేహం. ఆవిడ పేరేమిటో నేనెన్నడూ అడగలేదు! రేపే అడగాలి.