ఇంకో తీత

మా బాబాయి పత్తి చేను ఇంకా నిలబడే ఉంది. సంక్రాంతి వారంలోకి వచ్చేసింది. ఆకు ఎర్రబడి రాలిపోయింది, చెట్టుకు పదో పదిహేనో కాయలు, వాటిలో సగం గుడ్డివి. మొన్న పొద్దున గట్టు మీద కలిసినప్పుడు "ఎప్పుడు పీకిస్తావు బాబాయ్?" అంటే, "ఉండరా, ఇంకో తీత వస్తుంది" అన్నాడు. నేను ఒక కాయ తుంచి అరచేతిలో చిదిపాను. రెండు అరలు తెల్లగా విచ్చుకున్నాయి. మూడో అరలో దూది పసుపెక్కి, రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో విడదీస్తే మధ్యలో గులాబీ పురుగు ముడుచుకుని పడుకుని ఉంది. బాబాయి చూశాడు. కాయ నా చేతిలోంచి లాక్కుని డొంకలోకి విసిరేశాడు. "ఒక్క కాయలో ఉంటే అన్నిట్లో ఉన్నట్టేనా?"

నందిగామ, జగ్గయ్యపేట చేలల్లో ఈ "ఇంకో తీత" అనే మాట వినపడని జనవరి నేనెరగను. మిర్చిలో అయితే ఇంకో కోత. ఏదైనా ఒకటే ఆశ. పంట వయసు అయిపోయిందని చేను చెబుతూనే ఉంటుంది, మనమే వినం.

2022 ఏప్రిల్ 4 నుంచి మా జిల్లా పేరు ఎన్టీఆర్ అయింది గానీ మా నోటికి ఇంకా కృష్ణా మెట్టే. మెట్ట అనగానే కింది కృష్ణా వాళ్లకు కొంచెం జాలి. వాళ్ల సంగతి వేరు. వరి కోత ఇంకా రెండు మూడు రోజులుందనగా ఆ తడి పదునులోనే మినుము గింజ చల్లేస్తారు. వరి కోసేవాళ్ల కాళ్ల కింద రెండో పంట మొలుస్తూ ఉంటుంది. ఆ పైన దున్నకం లేదు, తడి లేదు, నేలలో మిగిలిన చెమ్మకీ డిసెంబర్ మంచుకీ మినుము పండి ఇంటికొస్తుంది. మాకు ఆ భోగం ఎక్కడిది? మాది సాగర్ ఎడమ కాలువ చివరి భూమి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నీళ్లు 1967లో కాలువల్లోకి వచ్చాయి. అయితే పైన నల్గొండ, ఖమ్మం దాటుకుని మా తూముల దాకా రావాలి. వస్తే వచ్చినట్టు. నమ్ముకునేది జూన్ నడుమ నుంచి అక్టోబర్ నడుమ దాకా పడే వాన, ఆ తర్వాత నల్లరేగడి కడుపులో దాచుకున్న తేమ. అంతా కలిపి ఆరు నెలలు. అందులో రెండు పంటలు ఇమడాలి, కుదిరితే మూడోది.

నేనిలా రోజులు లెక్క పెట్టుకునే మనిషినని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. కెనడాలో కాల్గరీలో ఉండే మా మేనల్లుడు కిందటి వేసవిలో వీడియో కాల్‌లో పెరడు చూపిస్తున్నాడు. టమాటా, కొత్తిమీర, రెండు కుండీల్లో గోంగూర. కంచె అవతల పొరుగాయన పెరట్లోనూ వేళ్లు చాచినట్టు చీలికల ఆకులతో నాలుగు మొక్కలు కనబడ్డాయి. "ఆయన కూడా గోంగూర వేశాడా?" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. "అది గంజాయి మావయ్యా!"

నా తప్పేం లేదు. మన గోగు మొక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరే హిబిస్కస్ కన్నాబినస్, అంటే గంజాయిని పోలినదని. అక్కడ 2018 అక్టోబర్ 17 నుంచి చట్టం ఒప్పుకుంది, ఆ ఊళ్లో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. ఇక్కడైతే 1985 నాటి చట్టం కింద పెంచినవాడికి పదేళ్ల దాకా కఠిన శిక్ష. మన్యం నుంచి హైదరాబాద్ వైపు పోయే ఆ మూటలు మా ఊళ్ల పక్క హైవే మీద పట్టుబడటం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ మొక్క జోలి నాకొద్దు. మేనల్లుడు చెప్పిన పొరుగాయన లెక్క మాత్రం నా చెవిన పడి అక్కడే ఉండిపోయింది.

అక్కడ మే చివరి దాకా మంచు, సెప్టెంబర్ నడిమికల్లా మళ్లీ మంచు. ఒక్క పంటకే చాలీచాలని కాలం. పైగా మామూలు గంజాయి మొక్క పొద్దు చూసి పూస్తుందట. ఎండాకాలం పొడుగు పగళ్లు తగ్గి, రాత్రులు పెరిగితే గాని పూత పట్టదు. అది పూతకొచ్చేసరికి మంచు నెత్తిన పడుతుంది. రష్యా వైపు బీళ్లలో పెరిగే పొట్టి జాతి ఒకటుంది. 1924లో యానిషెవ్‌స్కీ అనే వృక్షశాస్త్రవేత్త దానికి రుడెరాలిస్ అని పేరు పెట్టాడు. అది పొద్దు చూడదు. తన వయసు చూసుకుంటుంది. ఇన్ని రోజులు నిండాయా, పూసేస్తుంది. దాన్ని కలిపి తీసిన రకాలతో ఆ పొరుగాయన ఒకే వేసవిలో రెండుసార్లు కోస్తాడట.

ఇది మా పెసర కథే కదా అనిపించింది. కంది పొద్దు చూసే పైరు. జూన్‌లో వేస్తే ఆరు నెలలు చేలో కూర్చుంటుంది. అదే కంది సెప్టెంబర్ చివర వేస్తే మొక్క నడుము దాటకుండానే, పగళ్లు చిన్నవైపోతున్నాయని కంగారుపడి పూసేసి, నాలుగు నెలల పైచిలుకులో చేతికొస్తుంది. అందుకే రబీ కందికి సాలు దగ్గర చేయాలి, విత్తనం ఎక్కువ పోయాలి. పెసరకు ఆ పట్టింపు లేదు. లాం ఫారం వాళ్ల ఎల్‌జీజీ 460 గానీ, వరంగల్ రకం డబ్ల్యూజీజీ 42 గానీ, అరవై నుంచి అరవై అయిదు రోజులు. జూన్‌లో వేసినా అంతే, జనవరిలో వేసినా ఇంచుమించు అంతే. మా దగ్గర రెండు పంటల లెక్క ఈ అరవై అయిదు రోజుల మీదే నిలబడి ఉంది.

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఒక మంచి వాన పడ్డాక మర్నాడు చేలోకి పోయి జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కుతాను. ముద్ద కట్టాలి. నడుమెత్తు నుంచి జారవిడిస్తే నేల మీద పడి పగిలిపోవాలి. పగలకపోతే ఇంకా పచ్చి, ముద్దే కట్టకపోతే పొడి. పదును తేలాక గొర్రు దింపేయాలి, ముహూర్తాలు చూడకూడదు. పెసర పూతకొచ్చే వేళకు, అంటే జూలై నడుమ, మిర్చి నారు పోయాలి. కిటుకంతా ఇక్కడే ఉంది. మిర్చి తన మొదటి నలభై, నలభై అయిదు రోజులు నారుమడిలో గడుపుతుంది. చేలో పెసర కాస్తూ ఉంటుంది, మడిలో మిర్చి పెరుగుతూ ఉంటుంది. ఆగస్టు నడుమ పెసర కోసి, ఆ రొట్ట భూమిలోనే కలియదున్ని, పదిహేను రోజులు మురగనిచ్చి నారు నాటితే ఆ చేనికి ఒక బస్తా యూరియా తగ్గించినా తెలియదు. ఇప్పుడు షేడ్‌నెట్‌ల కింద ట్రేల్లో నారు పెంచి మొక్కకింత అని అమ్ముతున్నారు. డబ్బులిస్తే నారు దొరుకుతుంది. కానీ అందరికీ ఒకే వారంలో కావాలి, అప్పుడు ట్రే వాడిదే రాజ్యం.

ఇంత చెప్పిన నేను ఏం చేశానో కూడా చెప్పాలి. నాలుగేళ్ల కిందట పెసర విరగకాసింది. ఆగస్టు 20న మొదటి కోత అయింది. చెట్ల మీద ఇంకా పచ్చికాయ కనబడుతోంది. మడిలో నారు నలభై రెండు రోజులది, సిద్ధంగా ఉంది. ఆ రోజే ట్రాక్టర్ పెట్టాల్సింది. "ఇంకో కోత వస్తుంది, ఎకరానికి ఒక బస్తా అయినా" అనుకున్నాను. మా ఆవిడ వద్దంది. పది రోజులాగాను. ఆ పదిలో నాలుగు రోజులు ముసురు. అయిదో రోజు చేలోకి పోతే ఎండిన కాయల్లోంచి తెల్లటి మొలకలు బయటికొచ్చి వేలాడుతున్నాయి. చెట్టు మీదే మొలకలొచ్చిన పెసలు! ఒక్క కాయ కూడా చేటలోకి పనికిరాలేదు. నేల ఆరి, దున్ని, నాటేసరికి సెప్టెంబర్ మూడో వారం. అప్పటికి నారు రెండు నెలలు దాటి సన్నగా సాగిపోయి, మడిలోనే మొగ్గ తొడిగింది. అలాంటి ముదురు నారు నేల అంటుకోకముందే పూస్తుంది, గుబురు కట్టదు. ఆ ఏడు నాలుగు కోతలు రావాల్సిన మిర్చి రెండిచ్చి ఊరుకుంది. ఒక బస్తా పెసల కోసం ఎన్ని క్వింటాళ్ల కాయలు పోగొట్టుకున్నానో నా నోటుపుస్తకంలో ఉంది. ఇక్కడ రాయను. మొన్న గట్టు మీద బాబాయి నన్ను వదిలిపెట్టలేదు. "నీ మొలకల పెసల సంగతి మర్చిపోయావా? నాకు చెప్పొచ్చావు" అన్నాడు.

మర్చిపోలేదు కాబట్టే చెప్పాను.

మిర్చి చెట్టును చూస్తే ఈ విషయం ఇంకా తేటగా తెలుస్తుంది. పండిన కాయ కొమ్మ మీద ఉన్నన్నాళ్లు చెట్టు సత్తువ దానికే పోతుంది. కోసి ఒక తడిచ్చాక పది, పన్నెండు రోజుల్లో కొమ్మ చివర్లు మళ్లీ తెల్లగా పూస్తాయి. ఇప్పుడు మా వైపు కల్లాల మీద మొదటి కోత ఎండుతోంది. కూలీ ముఠా దొరకలేదని, రేటు పెరుగుతుందని వారం రోజులు కోత ఆపినవాడికి వారం రోజుల పూత పోయినట్టే. ఇక్కడ చిక్కు ఏమిటంటే కోత చేతులతోనే జరగాలి, చేతులు తక్కువ. దూరం నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి చేల పక్కన పట్టాలు కట్టుకుని ఉంటేనే మిర్చి ఇంటికి చేరుతోంది. కూలీల ఇబ్బంది భరించలేక మూడు పంటల భూముల్లో సుబాబుల్ నాటి తలుపులేసుకున్నవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. మూడేళ్లకోసారి పేపర్‌మిల్లుకు కర్ర అమ్ముకుంటారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఆ చేల మీదుగా నడుస్తుంటే మాత్రం మనసు ఒప్పదు.

లెక్కంతా సరిగ్గా వేసుకున్నా ఒక్కోసారి ఆకాశం పలక తుడిచేస్తుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1. జగ్గయ్యపేటలో ఆ రోజు కురిసిన వాన చూసినవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. గరికపాడు దగ్గర పాలేరు వంతెన పక్క రోడ్డు కొట్టుకుపోయింది, ఐతవరం దగ్గర మునేరు హైవే మీదికెక్కింది, విజయవాడ, హైదరాబాద్ మధ్య బళ్లు ఆగిపోయాయి. అప్పుడే నాటిన మిర్చి సాళ్లూ కాయ పట్టబోతున్న పత్తీ నీళ్ల కింద ఉండిపోయాయి. అలాంటి ఏడు ఎవరి నోటుపుస్తకమూ పనికిరాదు. ఆ సెప్టెంబర్ చివర మళ్లీ పదును చూసి రబీ కంది వేసినవాళ్లకు నాలుగు గింజలు దక్కాయి.

బాబాయి పత్తి దగ్గరికి మళ్లీ వస్తాను, అసలు తగువు అదే కాబట్టి. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. పెట్టుబడి పూర్తిగా తిరిగి రాలేదు. చివరి తీత పత్తి పసుపుదైనా తూకానికి వస్తుంది, పండగ ఖర్చుకు చేతిలో నాలుగు నోట్లుంటాయి. ఆ నోట్ల కోసం చేను మార్చి దాకా నిలబెడితే పురుగు కూడా మార్చి దాకా తింటుంది. 2002లో బీటీ పత్తి వచ్చింది, 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. ఇక కాయతొలుచు పురుగు పీడ విరగడైందనుకున్నాం. పదేళ్లు తిరక్కుండానే గులాబీ పురుగు రెండింటినీ జీర్ణం చేసుకోవడం నేర్చింది. దీనికి పత్తి తప్ప ఇష్టమైన తిండి లేదు. జనవరి నుంచి జూలై దాకా పత్తి కనబడకపోతే చాలావరకు ఆకలితోనే చస్తుంది. మనమే కట్టె నిలబెట్టి, గుడ్డికాయల్లో పడక వేసి, వచ్చే వానాకాలం దాకా కాపాడుతున్నాం. పైగా డిసెంబర్ ఆఖరుకు చేను ఖాళీ అయితే బోరు కిందో, కాలువ దయ తలిస్తేనో నువ్వులో పెసరో వేసుకోవచ్చు. అరవై అయిదు రోజుల పెసర జనవరి రెండో వారంలో వేస్తే మార్చి ఎండలు ముదిరేలోపు ఇంట్లో ఉంటుంది. మూడో పంట అంటే అదే. ఇంకో తీత కోసం ఆగినవాడికి అది రాదు.

బాబాయి ఇంకా ఒప్పుకోలేదు. "చూద్దాం లేరా" అన్నాడు. ఆయన సంగతి ఇంట్లో చూసుకుంటాం. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి చేలోనైనా పత్తి కట్టె ఇంకా ఉంటే, ఈ వారమే పీకించండి. వంటచెరుకుకు పనికొస్తుందని గట్టు మీద వామి వేయకండి. పురుగు ఆ ఎండుకాయల్లోనే నిద్రపోతుంది. కట్టెను ముక్కలు కొట్టి నేలలో కలిపే యంత్రం అద్దెకు దొరికితే అన్నింటికన్నా మేలు. దొరక్కపోతే భోగి ఎలాగూ వస్తోంది, ఆ మంటలో వేయండి.