చేర్యాల పటంలో అవధారణ: వర్ణం, పరిమాణం, కథకుని కర్ర

తెలుగు వాక్యంలో ఒక పదాన్ని నొక్కి చెప్పడానికి ‘ఏ’కారం ఉంది. ‘రాముడే వచ్చాడు’ అన్నప్పుడు రాముని రాకతో పాటు ఇతరులు రాలేదన్న అర్థమూ స్ఫురిస్తుంది. వ్యాకరణం దీనిని అవధారణ అంటుంది. చిత్రంలో ఈ పని ఎలా జరుగుతుంది? నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ పటాలు ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఆధారాలు.

చేర్యాల పటమనగానే ఎర్రని నేపథ్యం గుర్తుకు వస్తుంది. దానిపై పసుపు, నీలం, తెలుపు రంగుల పాత్రలు దూరానికి కూడా తేటగా కనిపిస్తాయి. అందువల్ల ప్రాధాన్యాన్ని ఎరుపే నిర్ణయిస్తుందని అనిపించవచ్చు. అది సగమే నిజం. ఎరుపు పాత్రలన్నింటినీ నేపథ్యం నుంచి ఒకే తీరుగా వేరుచేస్తుంది. వాటిలో ముఖ్యులెవరో చెప్పదు. ప్రతి పదానికీ ఏకారం చేర్చిన వాక్యంలో అవధారణ మిగలనట్లే, అంతటా సమానంగా ఉన్న వర్ణ వైరుధ్యం కంటికి దారి చూపదు. ఆ దారిని పరిమాణం, స్థానం చూపుతాయి. ప్రధాన పాత్ర పెద్దదిగా, పరివారం చిన్నదిగా ఉంటుంది.

అయితే పటం ఒక్క దృశ్యం కాదు. అడ్డపట్టీలుగా విభజించిన అనేక ఘట్టాల వరుస అది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు పటాన్ని చూపుతూ కథ నడుపుతారు. కథకుడు కర్రతో ఒక మూలనున్న చిన్న బొమ్మను చూపినప్పుడు, పరిమాణం వల్ల వెనకబడిన పాత్ర ఆ క్షణానికి ముందుకు వస్తుంది. చిత్రకారుని అవధారణ స్థిరమైనది, కథకునిది చలించేది. ప్రేక్షకుని చూపు ఈ రెండింటి నడుమ సాగుతుంది.

ఈ భేదం పాఠపరిష్కరణకు సంబంధించినది కూడా. కథకుని నోట వచ్చే ‘ఇతడు’, ‘ఈమె’, ‘ఇదిగో’ వంటి మాటలకు అర్థం పటంలో ఉంటుంది. గేయాన్నీ వచనాన్నీ మాత్రమే అచ్చువేస్తే ఆ మాటలు ఆధారం కోల్పోతాయి. ఒక ఘట్టాన్ని విడిగా చిత్రించి గోడకు తగిలిస్తే రంగు, పరిమాణం మిగులుతాయి, కర్ర మిగలదు. మొదటి సందర్భంలో పాఠం అసంపూర్ణం, రెండవ సందర్భంలో చిత్రం అసంపూర్ణం.

కాబట్టి పటం కథను సేకరించే పరిశోధకులు పలికిన మాటతో పాటు, అది పలికినప్పుడు కర్ర ఏ బొమ్మపై ఉందో కూడా నమోదు చేయాలి. ఆ వివరం పాఠానికి అనుబంధం కాదు, పాఠంలో భాగమే.