అక్కడ మనోళ్లు ఎవరున్నరు?

ఆఫీసు మెట్లెక్కే ముందు మన దగ్గర అందరి నోటా వచ్చే మాట ఒకటుంది: "అక్కడ మనోళ్లు ఎవరున్నరు?" తహసీల్దార్ ఆఫీసుకైనా, పోలీస్ స్టేషన్‌కైనా, పాశమైలారం ఫ్యాక్టరీల్లో కొలువు కోసమైనా ముందు ఇదే. కొన్ని ఇళ్లలో దీనికి జవాబు వెంటనే వస్తుంది. మేనమామ ఉంటాడు, వియ్యంకుడు ఉంటాడు, ఎవరూ లేకపోతే చిన్నాయన తోడల్లుడైనా ఉంటాడు. కొన్ని ఇళ్లలో చుట్టపక్కాలందరినీ వరసపెట్టి లెక్కేసినా ఒక్క పేరు తేలదు.

నేను ఆ రెండో రకం ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివి, కెమిస్ట్రీ డిగ్రీతో పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో చేరాను. చాలా ఏళ్లు హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందే గడిచాయి. ఇప్పుడు కొలువు లేదు. వారానికొకసారి ఈ కాలమ్, రోజూ మోగే ఫోన్ మిగిలాయి. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది మా గురుకులాల్లోనే చదివి, ఈ చుట్టుపక్కలే ఏదో ఒక పని నెత్తినేసుకున్న పిల్లలు. ఒకమ్మాయి ఇస్నాపూర్‌లో వలస కార్మికుల పిల్లలకు సాయంత్రం బడి నడుపుతుంది. ఒకడు కాంట్రాక్టు కూలీల ఈఎస్ఐ కార్డుల వెంట తిరుగుతాడు. ఇంకొకడు ఊరి చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని అధికారుల చుట్టూ తిరుగుతాడు. సభల్లో వీళ్లను యువ నాయకులంటారు. నాకు ఫోన్ చేసినప్పుడు మాత్రం "అన్నా, ఒక డౌట్" అంటారు. ఆ డౌట్ తీర్చడాన్ని నేనొక చేతిపనిలాగే చూస్తాను. అందులో కాస్త ఒడుపు ఉంది, నేర్చుకోవాల్సింది కూడా ఉంది.

పూర్వ విద్యార్థుల సంఘం అని బోర్డు పెట్టకుండానే ఈ పని నడిపినవాళ్లు మనకు కొత్త కాదు. 1918లో కొత్వాల్ వెంకటరామారెడ్డి చొరవతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలిసింది. దానికి కార్యదర్శిగా ఉన్న సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1930 మార్చిలో మా జిల్లా జోగిపేటలోనే జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షుడు. ఆ హాస్టల్లో ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డి తర్వాత సాయుధ పోరాట నాయకుడయ్యాడు. నిజాం కొత్వాలు అన్నం పెట్టిన చోట నిజాం మీద తిరగబడ్డవాడు తయారు కావడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. అన్నం, గది ఎవరైనా పెట్టొచ్చు. అక్కడ చదివి వెళ్లినవాళ్లు కోర్టులో, కచేరీలో, పత్రికలో కుదురుకోవడంతో తర్వాత వచ్చిన పిల్లవాడికి ప్రతి తలుపు దగ్గరా తెలిసిన ముఖం ఒకటి ఉండేది. అదే నగరంలో ఆ హాస్టల్‌కు పన్నెండేళ్ల ముందే భాగ్యరెడ్డి వర్మ జగన్ మిత్ర మండలి పెట్టి, దళిత పిల్లలకు బడులు తెరిచారు. ఆ బడులు దాటి బయటికొచ్చిన పిల్లలకు మాత్రం ఏ కచేరీలోనూ తెలిసిన ముఖం లేదు.

అలాంటి అండ మా దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 1971లో పి.వి. నరసింహారావు హయాంలో సర్వేల్‌లో గురుకులం మొదలైంది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారుల పట్టుదలతో సాంఘిక సంక్షేమ గురుకులాలు పెరిగాయి. 2012లో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఆ సంస్థ కార్యదర్శిగా వచ్చాక, చదివి వెళ్లిపోయినవాళ్లను స్వేరోస్ పేరుతో ఒక చోటికి చేర్చారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ ఫొటో మా బడుల గోడల మీదికి ఎక్కింది, పిల్లలకు అది చాలానే ఇచ్చింది. నా ధ్యాస మాత్రం అంతకు ముందు భువనగిరి గుట్ట మీద వాళ్లకు తాడు పట్టి నేర్పినవాళ్ల మీదికి పోతుంది. వాళ్ల ఫొటో ఏ గోడ మీదా లేదు.

స్వేరోస్‌లో తరచూ వినబడే 'పే బ్యాక్ టు సొసైటీ' అన్న మాట కాన్షీరామ్ నాటిది. ఆయన 1978లో బామ్‌సెఫ్ అనే ఉద్యోగుల సంఘం స్థాపించి, కొలువుల్లో ఉన్న దళిత, బహుజన ఉద్యోగులు సమాజానికి ఎంతో కొంత తిరిగి ఇవ్వాలన్నారు. అంతకంటే ముందు 1956 మార్చిలో ఆగ్రాలో, చదువుకున్నవాళ్లు తనను నిరాశపరిచారని అంబేడ్కర్ ఉన్నదున్నట్టు చెప్పారు. ఈ మాటల బరువు తెలిసినవాళ్లు కాబట్టే మావాళ్లు పిలవగానే వస్తారు. వచ్చి ఏం చేస్తారన్నదే చిక్కు. స్టేజీ ఎక్కి "కష్టపడితే కానిది లేదు" అని చెప్పి, శాలువా కప్పించుకుని పోతే ఆ పూట గడుస్తుంది. ఇస్నాపూర్ అమ్మాయికి మర్నాడు బడి గది అద్దె కట్టాలి. ఒరియా తప్ప మరో మాట రాని పిల్లవాణ్ణి సర్కారు బడిలో చేర్పించాలి. టీసీ లేదని హెడ్మాస్టర్ వెనక్కి పంపితే, విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదని చేర్చుకోకపోవడం కుదరదని ఆయనకు మర్యాదగా చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ఐఏఎస్ కానక్కర్లేదు. నిరుడు ఇదే గొడవ పడి గట్టెక్కిన ఇంకో అక్క అయితే చాలు. నా అనుభవంలో బాగా పనికొచ్చే సాయం రెండడుగులు ముందున్నవాళ్ల నుంచే వస్తుంది. ఇరవై అడుగులు ముందున్నవాళ్లకు దారిలో ఎక్కడ రాయి తగిలిందో గుర్తుండదు.

పటాన్‌చెరు బెల్టుకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఇక్కడ మా పూర్వ విద్యార్థుల్లో చాలామంది గేటు లోపలే ఉన్నారు. ల్యాబుల్లో కెమిస్టులు, ఐటీఐ చదివిన ఫిట్టర్లు, ప్యాకింగ్‌లో అమ్మాయిలు, హెచ్ఆర్‌లో ఒకరిద్దరు. బయట పోరాడే పిల్లలకు లేని విద్య వీళ్ల దగ్గర ఉంది. కాగితం చదవడం.

2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని రాశారు. అంకె పేపర్లలో వచ్చింది. ఊళ్లో ఎవరికీ అది పెద్దదో చిన్నదో తెలియలేదు. ల్యాబులో కూర్చునే మాలాంటివాళ్లకు చూడగానే గుండె జారింది. ఆ గోళీ వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి డాక్టరేట్ అక్కర్లేదు, చెప్పే మనిషి మన భాషలో చెప్తే చాలు. నక్కవాగు కాలుష్యం గురించి 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పోరాటం నిలబడటానికి కూడా ఇలాంటిదే ఒక కారణమని నేననుకుంటాను. పటాన్‌చెరులో రోగులను చూసే డాక్టర్ కిషన్ రావు వాళ్ల ఒంటి మీద కనబడేదాన్నీ ప్రభుత్వ కాగితాల్లో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చదివారు.

కాబట్టి మా పూర్వ విద్యార్థుల నెలవారీ కూడికలో ఉపన్యాసాలు తగ్గించాం, కాగితాలు పెంచాం. రసాయనానికి వచ్చే సేఫ్టీ డేటా షీటులో 16 భాగాలుంటాయి. అన్నీ చదవబోతే పిల్లలు భయపడి వదిలేస్తారు. ముందు రెండోది చూడమంటాను, అందులో ప్రమాదం ఏమిటో ఉంటుంది. తర్వాత నాలుగోది, ఒంటి మీద పడితే వెంటనే ఏం చేయాలో. తర్వాత ఎనిమిదోది, చేతికీ ముక్కుకూ ఏం తొడుక్కోవాలో. ఈ మూడు తెలిస్తే, బట్ట మాస్కు ఇచ్చి ద్రావకాల దగ్గర నిలబెట్టిన కూలీ తరఫున సూపర్‌వైజర్‌తో గొంతు పెంచకుండా మాట్లాడొచ్చు. జీతం చీటీ కూడా అంతే. 21,000 రూపాయల లోపు జీతమైతే ఈఎస్ఐ కోత కార్మికుడి వైపు నుంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం. కోత కనబడి కార్డు లేకపోతే ఒక ప్రశ్న, అసలు కోతే లేకపోతే మరో ప్రశ్న. ఏ ప్రశ్న ఎవరినడగాలో తెలిస్తే రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రి దాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చే బాధ తప్పుతుంది.

కొత్త ఫ్యాక్టరీకి ముందు జరిగే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడే మా పిల్లలు ఎక్కువగా ఆవేశపడతారు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు ప్రజలకు కనీసం 30 రోజుల గడువివ్వాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. సభ చివర, ఎవరేం మాట్లాడారో రాసుకున్నది అక్కడే అందరికీ అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. మైకు దొరకగానే పది నిమిషాలు అరిచి వెళ్లిపోయే కుర్రవాడు ఈ చివరి నిబంధన వాడుకోడు. సభ ముగిసేదాకా కూర్చుని, "నేనడిగిన బోరు నీళ్ల సంగతి ఇందులో రాలేదు, రాయండి" అని అడిగినవాడి మాట రికార్డులోకి ఎక్కుతుంది. ఆమోదం పొందిన పారిశ్రామిక పార్కు లోపల వచ్చే యూనిట్లకు ఈ సభ నుంచి మినహాయింపు కూడా అదే నోటిఫికేషన్‌లో ఉంది. అది తెలియక, సభ పెట్టలేదని ధర్నాకు దిగి, అధికారి నియమం చూపగానే తలదించుకుని వచ్చినవాళ్లను చూశాను. ముందే తెలిస్తే మరో దారిలో అడిగేవాళ్లు.

ఇక డబ్బు. పని మొదలుపెట్టిన ఏడాది ఊపు ఉంటుంది, రెండో ఏడాది ఇంట్లో మాటలు మొదలవుతాయి. "అన్నా, మా అమ్మ జీతమెంత అని అడుగుతుంది, ఏం చెప్పాలె?" అన్న ఫోన్ నాకు పొద్దుగూకిన తర్వాతే వస్తుంది. దీనికి ఆదర్శాలు వల్లించడం నాకు నచ్చదు. పగలు కొలువు చేసి సాయంత్రం బడి నడుపుకొమ్మని కొందరికి చెప్పాను. ఫెలోషిప్‌లకు దరఖాస్తు పెట్టేవాళ్లకు ఇంగ్లీషు వ్యాసం దిద్దేవాళ్లను వెతికిపెట్టాం. టీచ్ ఫర్ ఇండియా లాంటివి రెండేళ్లు జీతమిస్తాయి, ఆ తర్వాత వాళ్ల పాత ఫెలోల బలగమే పిల్లలకు అండ. మేం ఆ పద్ధతిని చూసి నేర్చుకున్నది కొంత ఉంది. ఒకటి మాత్రం మా దగ్గర కుదరలేదు. వాళ్ల పాత ఫెలోలు చాలామంది పెద్ద జీతాల్లోకి వెళ్లి ధైర్యంగా చందా ఇస్తారు. మావాళ్లు ఇప్పటికీ తమ్ముడి ఫీజు కట్టి, ఇంటి అప్పు తీర్చి, మిగిలితే ఇస్తారు. వాళ్ల దగ్గర డబ్బుకు బదులు ఆదివారం మధ్యాహ్నం అడగడమే న్యాయమని నేను గట్టిగా వాదిస్తాను. మా కూడికలో దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. అద్దె ఆదివారంతో కట్టలేం కదా అంటారు. వాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు.

స్వేరోస్ గురించి కూడా ఒక మాట అనుకోవాలి. 2021 జూలైలో ప్రవీణ్ కుమార్ ఉద్యోగం వదిలి, ఆగస్టులో బీఎస్పీలో చేరారు, 2024లో బీఆర్ఎస్‌లోకి వెళ్లారు. అది ఆయన హక్కు, ఆయన నిర్ణయం. కానీ ఒక మనిషి చుట్టూ అల్లుకున్న బలగానికి ఆ మనిషి కదిలినప్పుడల్లా కుదుపు తగులుతుంది. కొందరు వెంట నడిచారు, కొందరు ఆగిపోయారు, సర్కారు కొలువుల్లో ఉన్నవాళ్లు వాట్సాప్ గ్రూపుల నుంచి చప్పుడు చేయకుండా తప్పుకున్నారు. ఫోటోలో ఎవరున్నా లేకపోయినా, పాత విద్యార్థికీ కొత్త విద్యార్థికీ మధ్య నేరుగా ఒక నంబరు ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది. మా చిన్న కూడిక అందుకే జెండా లేకుండా, అధ్యక్షుడు లేకుండా నడుస్తుంది. దానివల్ల కొంత గందరగోళం ఉందని కూడా చెప్పాలి. కుర్చీలు ఎవరు తేవాలన్నది ప్రతిసారీ చివరి నిమిషంలోనే తేలుతుంది.

గేటు లోపలివాళ్ల సాయానికి ఒక ఖరీదు ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. మృతదేహాలను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మా పిల్లల్లో హిందీ వచ్చినవాళ్లు కుటుంబాల పక్కన కూర్చుని ఫారాలు నింపారు. అదే వారంలో వేరే కంపెనీల్లో పనిచేసే మావాళ్లు కొందరు ఫోన్ చేసి, తమ దగ్గర డ్రయ్యర్లు ఎలా ఉన్నాయో, పేలే ప్రమాదమున్న దుమ్ము ఎక్కడ పేరుకుంటుందో చెప్పారు. చెప్పి, "నా పేరు ఎక్కడా రావద్దన్నా" అన్నారు. ఇంటి రుణం ఉన్నవాడి నుంచి అంతకంటే ఆశించడం తప్పు. అలాగని వాళ్లు చెప్పింది నాలోనే ఉంచుకోవడమూ తప్పే. మధ్యలో మేం పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. లోపలివాళ్లు కాగితం ఎలా చదవాలో నేర్పుతారు, ఏం అడగాలో చెబుతారు. తమ కంపెనీ కాగితం తేరు, మేమూ అడగం. ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి పిటిషన్ రాసేది, సంతకం పెట్టేది, మాట్లాడేది బయటివాళ్లే. చెరువు నీళ్ల కుర్రవాడికి ఇది పిరికితనంగా కనబడుతుంది. కిందటి కూడికలో నా ముఖం మీదే అన్నాడు.

వచ్చే ఆదివారం కూడిక, ప్రమాదం జరిగినప్పుడు కాంట్రాక్టు కార్మికుడి కుటుంబం మొదటి రోజే దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాల గురించి. గేటు పాసు, హాజరు చీటీ, బ్యాంకు ఖాతాలో జీతం పడిన ఆధారం, కాంట్రాక్టర్ పేరు. హెచ్ఆర్‌లో పనిచేసే మా అక్క ఒకామె వచ్చి చెప్తానంది. ఫోటోలు తీయొద్దని, కంపెనీ పేరు ఎవరూ అడగొద్దని, నైట్ షిఫ్టువాళ్లకు కూడా వీలయ్యేలా మధ్యాహ్నం మూడింటికి పెట్టమని మూడు షరతులు పెట్టింది. చెరువు నీళ్ల కుర్రవాడు రెండో షరతుకు ఇంకా ఒప్పుకోలేదు.