తుప్పు పాఠానికి నాలుగవ నాళిక

లోహక్షయాన్ని గురించి ఉన్నత పాఠశాలలో చేయించే ప్రయోగం ఉపాధ్యాయులందరికీ తెలిసినదే. మూడు పరీక్షనాళికలు, మూడింటిలోను ఇనుప మేకులు. మొదటి దానిలో నీరు, గాలి రెండూ ఉంటాయి. రెండవ దానిలో మరగించి చల్లార్చిన నీరు, దానిపై నూనె పొర. మూడవ దానిలో అనార్ద్ర కాల్షియం క్లోరైడుతో తేమ తీసివేసిన గాలి. కొద్ది రోజులకు మొదటి నాళికలోని మేకులు మాత్రమే తుప్పుపడతాయి. తుప్పుకు గాలి, నీరు రెండూ కావలెనని ఇట్లు తేలుతున్నది.

ప్రయోగం చక్కనిది, ఖర్చు లేనిది. నా ఆక్షేపణ దానిమీద కాదు. దాని నుండి విద్యార్థి గ్రహించే సిద్ధాంతం మీద. ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి పుస్తకం వెండి నల్లబడటాన్ని, రాగిపై పచ్చని పొరను కూడ ప్రస్తావించింది. నివారణకు రంగు, నూనె, గ్రీజు, జింకు పూత మొదలైన వాటిని వరుసగా పేర్కొన్నది. కాని ఈ జాబితాను కలిపి ఉంచే సూత్రమేదీ అందులో కనబడదు. చివరకు విద్యార్థి మనసులో నిలిచేది ఒక్కటే: గాలిని ఆపితే లోహం భద్రం.

ఈ మాట ఎంతవరకు నిజమో తేల్చడానికి మెగ్నీషియంతో చేసిన కారు చక్రాన్ని తీసుకొందాము. ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.87 గ్రాములు, అల్యూమినియానికి 2.70, మెగ్నీషియానికి 1.74 మాత్రమే. అందుచేతనే పందెపు కార్లకు మెగ్నీషియం మిశ్రలోహపు చక్రాలు వచ్చినవి. "మాగ్ వీల్స్" అనే పేరు అక్కడిదే. నేడు ఆ పేరుతో పిలిచే చక్రాలలో అధికభాగం అల్యూమినియం మిశ్రలోహానివని మాత్రం మరువరాదు.

మెగ్నీషియాన్ని రెండవ నాళికలో, అనగా గాలి లేని నీటిలో ఉంచితే ఏమగును? ఇనుముకు దొరికిన రక్షణ దీనికి దొరకదు. మెగ్నీషియం క్షయానికి ఆక్సిజన్ అవసరం లేదు; అది నీటితోనే చర్య జరిపి హైడ్రోజన్‌ను వెలువరించి, తెల్లని హైడ్రాక్సైడుగా మారుతుంది. మంచినీటిలో ఆ హైడ్రాక్సైడు పొర చర్యను చాలవరకు మందగింపజేస్తుంది. ఉప్పునీటిలోని క్లోరైడు ఆ పొరను చెదరగొడుతుంది. విజయవాడలో ఏండ్లతరబడి నిలిచే చక్రం బందరు తీరపు ఉప్పుగాలికి త్వరగా గుంటలు పడటంలో వింత లేదు.

ఇంతకంటె పెద్ద శత్రువు చక్రాన్ని బిగించే ఉక్కు బోల్టు. ప్రమాణ విద్యుత్ పొటెన్షియల్ మెగ్నీషియానికి -2.37 వోల్టులు, ఇనుముకు -0.44 వోల్టులు. రెండూ తాకుతూ ఉండగా మధ్య ఉప్పుతేమ చేరితే అది ఒక విద్యుత్ ఘటమే. అందులో కరిగిపోయేది మెగ్నీషియం. చక్రానికి మాత్రం రంగు వేసి బోల్టును విడిచిపెడితే, రంగు లేచిన చిన్న గీత వద్దనే క్షయమంతా కేంద్రీకరిస్తుంది. కావున చక్రంతోపాటు ఉక్కుకు కూడ పూత కావలెను. "గాలిని ఆపు" అనే సూత్రం ఈ సంగతిని ఎన్నటికీ చెప్పజాలదు.

నివారణ పద్ధతులు ఇప్పుడు వాటంతట అవే అర్థమవుతాయి. లోహంలో ఇనుము కల్తీ సుమారు 0.017 శాతం దాటితే క్షయం ఒక్కసారిగా పెరుగుతుందని 1942లో హానవాల్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. కావున లోహం శుద్ధమైనది కావలెను. దానిపై ఆనోడీకరణపు పొర, ఆపైన ఎపాక్సీ పూత, రంగు వేస్తారు. బోల్టుకు, చక్రానికి మధ్య తగిన అల్యూమినియం వాషరును ఉంచుతారు. చక్రాన్ని ఉక్కుతీగల బ్రష్షుతో రుద్దరాదు. ఇనుప రేణువులు అందులో దిగబడి ఒక్కొక్కటి ఒక్కొక్క ఘటమవుతుంది.

చక్రానికి చేటు చేసిన ఈ గుణమే మరొకచోట మేలు చేస్తున్నది. 1824లో హంఫ్రీ డేవీ ఓడల రాగిరేకులకు ఇనుము, జింకు ముక్కలను తగిలించి రాగిని కాపాడాడు. భూమిలోని ఉక్కు గొట్టాలకు నేడు మెగ్నీషియం దిమ్మెలను కలుపుతారు. అవి అరిగిపోయి గొట్టాన్ని నిలుపుతాయి. జింకు పూత చెదిరినా ఇనుము ఎందుకు తుప్పుపట్టదో ఆలోచించమని పుస్తకం విద్యార్థినే అడిగి ఊరకుంటున్నది. సమాధానం ఇదే.

నాలుగవ నాళికను చేర్చమని నా సూచన. మరగించి చల్లార్చిన ఉప్పునీటిలో, మెగ్నీషియం తీగ చుట్టిన శుభ్రమైన మేకును ఉంచి, పైన నూనె పోయవలెను. మేకు మీద కూడ బుడగలు లేస్తాయి, తీగ తరుగుతుంది, మేకు తుప్పుపట్టదు. ముందుగా రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేస్తే నీరు గులాబిరంగు పొందుతుంది. వెలువడేది హైడ్రోజన్ కనుక నాళికకు బిరడా పెట్టరాదు, దగ్గర మంట ఉండరాదు.

ప్రకాశం బ్యారేజీ 70 తలుపులు మొదలుకొని కాలువల లాకుల షట్టర్ల వరకు, మన డెల్టా సేద్యం నీటిలో నిలిచిన ఇనుము మీద ఆధారపడి ఉన్నది. రేపు వాటిని, ఆటోనగర్‌లోని బండ్లను చూడవలసినవారు నేటి మన విద్యార్థులే. ఏ లోహాన్ని ఏ లోహం తాకుతున్నదని అడగటం వారికి బడిలోనే అలవడవలెను.