పేరు పెట్టె మీద, చెయ్యి మట్టిలో

జపాన్ కుమ్మరి హమాదా షోజి చేసిన పళ్లాన్ని బోర్లించి చూస్తే అడుగున పేరుండదు. 1920ల మొదట్లో ఇంగ్లండులో పనిచేసిన రోజుల్లో తన పాత్రల మీద ముద్ర వేసేవారు. 1924లో స్వదేశం చేరి, టోక్యోకు ఉత్తరాన తొచిగి ప్రాంతంలోని మషికోలో కుదురుకున్నాక ఆ అలవాటు మానుకున్నారు. సంతకం వద్దనుకున్న ఆ మనిషినే జపాన్ ప్రభుత్వం 1955లో తొలి విడత 'సజీవ జాతీయ సంపద'ల్లో ఒకరిగా గుర్తించింది. 1968లో సంస్కృతీ రంగంలో దేశం ఇచ్చే అత్యున్నత పతకాన్నీ అందించింది. పేరు వద్దన్నవాడికి ఇంత పేరు రావడం చూసి కొందరు అది మహా వినయమంటారు, కొందరు గడుసు వ్యాపారమంటారు. రెండు మాటలూ ఆయన స్వభావం గురించే తప్ప పని గురించి కావు. సంతకం మానేయడం ఆయనకు పని పద్ధతిలో ఒక భాగమని నాకనిపిస్తుంది. సారె ఎలా తిప్పాలి, మట్టి ఎక్కడిది వాడాలి అన్నవాటి లాంటి నిర్ణయమే అది.

హమాదా పల్లె కుమ్మరి కాదన్నది ముందు గుర్తుంచుకోవాలి. 1894లో పుట్టి, టోక్యోలో సాంకేతిక విద్య చదివి, క్యోటో నగర పింగాణీ పరిశోధనశాలలో తోటి కుమ్మరి కవాయ్ కంజిరోతో కలిసి వేల రకాల గ్లేజులను, అంటే పాత్ర మీది గాజు పూతలను, పరీక్షించిన వ్యక్తి ఆయన. 1920లో ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ వెంట ఇంగ్లండులో కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌కు వెళ్లి, అక్కడ మెట్లు మెట్లుగా పైకెక్కే జపాన్ తరహా ఆవం కట్టారు. 1923లో లండన్‌లో సొంత ప్రదర్శన పెట్టారు. ఆ చదువుతో, ఆ పరిచయాలతో క్యోటోలోనో టోక్యోలోనో హాయిగా కళాకారుడిగా బతకొచ్చు. ఆయన ఎంచుకున్న మషికో మాత్రం 1853 నుంచి నీళ్ల తొట్లు, రోళ్లు, టీ కూజాలు చేసి టోక్యో వంటిళ్లకు పంపే ఊరు. అక్కడి మట్టి గరుకు. ఇసుక ఎక్కువ, ఇనుము ఎక్కువ. నాజూకు పింగాణీకి అది ఒప్పుకోదు. రసాయనాలు తెలిసినవాడు కాబట్టి బయటి నుంచి మేలైన మట్టి తెప్పించి కలుపుకోగలడు, కానీ ఆ దారి పట్టలేదు. అక్కడి రాయిని పొడిచేస్తే వచ్చే ఎర్రటి గోధుమ రంగు గ్లేజు, ఊక బూడిదతో వచ్చే తెల్ల గ్లేజు, కట్టె బూడిద: ఊరి కుమ్మరులు వాడే ఎక్కువగా ఈ కొద్ది సరుకుతోనే పనిచేశారు. మన కుమ్మరుల్లాగే కర్రతో సారె తిప్పుకుని పనిచేయడం ఆయనకిష్టం. మట్టీ రంగూ ఊరివైనప్పుడు, పాత్రలో తనదంటూ మిగిలేది చేతి కదలిక ఒక్కటే.

ఆ కదలికను దగ్గరగా చూస్తే సంతకం ఎందుకు అడ్డో అర్థమవుతుంది. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో గాలికి ఊగే చెరకు తోటలు చూసి ఆయన ఒక నమూనా గీశారు. నిలువుగా ఒక కాండం, పక్కకు వాలిన కొన్ని ఆకులు, అంతా కలిపి కొన్ని కుంచె గీతలు. దాన్నే దశాబ్దాల పాటు కూజాల మీద, పలకల సీసాల మీద, గిన్నెల మీద వేస్తూ పోయారు. వేయగా వేయగా అందులో చెరకు తగ్గి, చేతి వేగం, కుంచె బరువు మిగిలాయి. పెద్ద పళ్లాల సంగతీ అంతే. పళ్లానికి ముందు ఒక రంగు పూసి, గరిటెతో ఇంకో రంగు గ్లేజు తీసుకుని, చెయ్యి ఒక్కసారి ఇటునుంచి అటు విసిరేవారు. ధార పడ్డచోటే గీత, దిద్దుబాటుకు తావు లేదు. పదిహేను క్షణాల్లో ముగిసే పనికి అంత విలువేమిటని అడిగితే, ఆ పదిహేను క్షణాలకు అరవై ఏళ్లు కలుపుకోండి అన్నట్టు జవాబిచ్చారని ప్రసిద్ధి. సంతకం చేసే కళాకారుడి మీద ప్రతిసారీ కొత్తది చూపించాలనే ఒత్తిడి ఉంటుంది. నిన్నటిదే ఇవాళ చేస్తే సరుకైపోయిందంటారు. పాత్రను తన పేరుకు సాక్ష్యంగా నిలబెట్టనివాడికి ఆ భయం లేదు. అదే చెరకును మళ్లీ వేయగలడు, అలా వేయడం వల్లే చెయ్యి తేలికపడుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. జపాన్‌లో మేలైన పాత్రను చెక్కపెట్టెలో పెట్టి అమ్ముతారు, పెట్టె మీద చేసినవాడి చేవ్రాలు ఉంటుంది. హమాదా పాత్ర మీద సంతకం చేయలేదు గాని పెట్టె మీద చేశారు. కొన్నవాడికి పేరూ దక్కింది, ఆ పేరుకు తగ్గ ధరా పలికింది. మరి ఈ నిరాడంబరతకు అర్థమేమిటి? నిరాడంబరతే ఆయన లక్ష్యమైతే ఈ ప్రశ్నకు జవాబు లేదు. పని పద్ధతిగా చూస్తే మాత్రం జవాబుంది. పెట్టె మీద పేరు పడేది పాత్ర ఆవంలోంచి దిగి, చల్లారి, ఏరివేతలో నెగ్గిన తర్వాత. పాత్ర అడుగున పేరు పడేది మట్టి పచ్చిగా ఉన్నప్పుడే. మొదటిది అమ్మకానికి సంబంధించిన కాగితం లాంటిది, రెండోది పని మధ్యలో చొరబడేది. అంగడికి పేరు కావాలని హమాదాకు తెలుసు, అందుకే దాన్ని అంగడి దాకానే రానిచ్చారు. పైగా పెట్టె పోయినా, పాత్ర వంటింట్లో చేరినా, అది తన అందంతోనే నెట్టుకురావాలి.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. హమాదా, కవాయ్, తత్వవేత్త యానగి సోఎత్సు కలిసి 1925 ప్రాంతంలో మొదలుపెట్టిన మింగేయ్ ఉద్యమం పేరూ ఊరూ తెలియని పనివాళ్లు చౌకగా, పెద్ద సంఖ్యలో చేసిన వాడుక వస్తువుల్లోనే నిజమైన అందముందని చెప్పింది. 1936లో టోక్యోలో ఆ వస్తువులకు ఒక మ్యూజియమే వెలిసింది. కానీ ఆ సిద్ధాంతానికి సరిపోయేది హమాదా కాదు, మషికోలోనే టీ కూజాల మీద కొండా నీరూ దృశ్యాన్ని రోజుకు వందల చొప్పున వేసిన మినగావా మాసు అనే మహిళ. ఆమెకు సంతకం మానుకునే అవకాశమే లేదు, ఎందుకంటే ఆమె సంతకం ఎవరూ అడగలేదు. చదువూ పలుకుబడీ ఉన్నవాడు వదులుకున్నదీ, పేదరాలికి అసలు అందనిదీ ఒకటే అనడం అన్యాయం. ఈ మాట ఒప్పుకోవలసిందే. సజీవ జాతీయ సంపద బిరుదును కవాయ్ కాదన్నారు, హమాదా కాదనలేదు. కాబట్టి హమాదాను అనామకుల ప్రతినిధిగా నిలబెట్టడం మానేయాలి. మాసు చేతిలో ఆయనకు కావలసింది అనామకత్వం కాదు, వేలసార్లు వేసిన గీతకు వచ్చే నిబ్బరం. ఆమెకు ఆ నిబ్బరాన్ని బతుకుతెరువే నేర్పింది. ఆయన దాన్ని కోరి, ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించాల్సి వచ్చింది. ఆ సాధనకు సంతకం ఒక్కటే కాక ఇంకా చాలా వదులుకున్నారు: మేలైన మట్టి, రకరకాల రంగులు, నగరం.

ఇప్పుడు మషికోలో వందలాది కుమ్మరులున్నారు. వసంతంలో, శరత్తులో జరిగే సంతలకు జనం తండోపతండాలుగా వస్తారు. వాళ్లలో చాలామంది తమకు నచ్చిన కళాకారుడి పేరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లే, ఆ కళాకారుల్లో ఎక్కువమంది సంతకం చేసేవాళ్లే. ఊరు నిలబడింది హమాదా పేరు వల్లనే అన్నా తప్పులేదు. అంటే పేరు లేని ఊరి పనిని కాపాడింది ఒక పెద్ద పేరు. దీన్ని ఆయన ఓటమి అనేవాళ్లున్నారు. అందరూ పాటించాల్సిన నియమంగా చూస్తే ఓటమే. ఇవాళ యువ కుమ్మరిని సంతకం మానుకోమనడం అతని కూటికి ఎసరు పెట్టడమే అవుతుంది. పని చేసేటప్పుడు పేరును ఎంత దూరంలో ఉంచుకోవాలన్న ప్రశ్నగా చూస్తే మాత్రం హమాదా చూపిన దారి ఏ విద్యకైనా పనికొస్తుంది, రాతకు కూడా. పేరు వస్తే రానీ, దాన్ని పెట్టె మీద రాసుకోవచ్చు. పని నడుస్తున్నంతసేపూ అది చేతికి అడ్డం రాకుండా చూసుకుంటే చాలు.